జపాన్ భయానక చిత్రాలు: పగబట్టిన ఆత్మలు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• జపాన్ సంప్రదాయంలో 'ఒన్ర్యో' అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• సినిమా దయ్యం రూపానికి మూలాలను గుర్తించగలుగుతారు.
• పాత కథలకూ 'రింగు' తరువాతి చిత్రాలకూ ఉన్న తేడాను చర్చించగలుగుతారు.

1. ఒన్ర్యో అంటే ఏమిటి?

జపాన్ భాషలో చనిపోయినవారి దయ్యాన్ని 'యూరేయ్' అంటారు. అన్యాయానికి గురై, పగతో మరణించినవారి ఆత్మ 'ఒన్ర్యో'. ఈ నమ్మకానికి చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ సుగవరా నో మిచిజానే. పండితుడు, కవి, మంత్రి అయిన ఆయనను ప్రత్యర్థుల అభియోగాల కారణంగా 901లో రాజధాని నుంచి దూరంగా దజైఫుకు పంపివేశారు. 903లో ఆయన అక్కడే మరణించాడు. 930లో రాజభవనంపై పిడుగు పడి ఆస్థాన ఉద్యోగులు చనిపోయినప్పుడు, అది ఆయన పగేనని అందరూ భయపడ్డారు. చివరకు క్యోటోలోని కితానో ఆలయంలో ఆయనను దేవుడిగా ప్రతిష్ఠించారు. నేడు జపాన్ విద్యార్థులు పరీక్షలకు ముందు మొక్కుకునేది ఆయనకే. జరిగిన అన్యాయాన్ని ఒప్పుకొని గౌరవిస్తే పగ చల్లారుతుందన్న విశ్వాసం ఇందులో ఉంది. దీన్ని గుర్తుంచుకోండి.

2. రంగస్థలం నుంచి తెరకు

తెల్లని దుస్తులు, విరబోసిన జుట్టు అనగానే మీకు తెలుగు సినిమా దయ్యం గుర్తుకు రావచ్చు. యూరేయ్ రూపం దానికి దగ్గరగా కనిపించినా, దాని వెనుక ఉన్నది జపాన్ అంత్యక్రియల ఆచారం. అక్కడ శవానికి తెల్లని కిమోనో తొడిగేవారు. ఈ రూపాన్ని ప్రజల మనసుల్లో నిలిపినవి 18, 19 శతాబ్దాల చిత్రకళ, కబుకీ నాటకాలు.

వీటిలో ముఖ్యమైనది నాలుగవ త్సురుయా నన్బోకు రాసిన 'తోకాయిదో యోత్సుయా కైదాన్'. దీన్ని 1825లో ఎదో నగరంలో (నేటి టోక్యో) మొదటిసారి ప్రదర్శించారు. ఇందులో ఓయివా అనే ఇల్లాలికి మందు పేరుతో విషం పంపుతారు. ఆమె ముఖం వికారమవుతుంది. తల దువ్వుకుంటుంటే జుట్టు ఊడి వస్తుంది. మరణించిన తరువాత ఆమె భర్త ఇయెమోన్‌ను వెంటాడుతుంది. ఈ నాటకం వేసే ముందు నటులు ఓయివా గుడికి వెళ్లి దండం పెట్టుకోవడం ఆనవాయితీ. నోబువో నకగావా 1959లో దీన్ని సినిమాగా తీశాడు. ఇక్కడ పగ ప్రధానంగా దోషి వైపే సాగుతుందని గమనించండి.

3. 'రింగు' తెచ్చిన మార్పు

కోజీ సుజుకి నవల ఆధారంగా హిదేవో నకాటా 1998లో 'రింగు' తీశాడు. ఒక వీడియో టేపు చూసినవారు ఏడు రోజుల్లో చనిపోతుంటారు. విలేకరి రేయికో, ఆమె మాజీ భర్త ర్యూజీ కారణం వెతుకుతూ, తండ్రి చేతిలో బావిలో పడి మరణించిన సదాకో అస్థికలను వెలికితీస్తారు. పాత కథ అయితే ఇక్కడితో శాంతి జరిగినట్టే. కాని మరునాడే సదాకో టీవీ తెరలోంచి బయటికి వచ్చి ర్యూజీని చంపుతుంది. రేయికో బతికింది అస్థికలు తీసినందుకు కాదు, టేపుకు నకలు తీసి మరొకరికి చూపినందుకు. అదే టేపు చూసిన కొడుకును కాపాడుకోవడానికి ఆమె తన తండ్రి ఇంటికి బయలుదేరడంతో సినిమా ముగుస్తుంది.

తకాషి షిమిజు తీసిన 'జు-ఆన్' (2002)లో భర్త చేతిలో హతమైన కయాకో, ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఎవరినీ విడిచిపెట్టదు. వారు ఆమెకు ఏ అపకారమూ చేసి ఉండనవసరం లేదు.

4. ఈ మార్పును ఎలా అర్థం చేసుకోవాలి?

ఓయివా, సదాకో, కయాకో ముగ్గురూ ఇంటి మగవారిని నమ్ముకుని బతకవలసిన స్థితిలో వారివల్లే నష్టపోయినవారు. బతికుండగా వారి మాట వినేవారు లేరు. పాత కథలో దోషి శిక్ష అనుభవిస్తాడు. కొత్త చిత్రాల్లో పగ అంటువ్యాధిలా దోషిని దాటి పాకుతుంది. అందుకే 'రింగు' ముగింపులో భయం దయ్యంతో ఆగదు. మన బిడ్డను కాపాడుకోవడానికి కీడును ఇంకొకరి ఇంటికి పంపుతామా అన్న ప్రశ్న ప్రేక్షకుడికి మిగులుతుంది.

సారాంశం

ఒన్ర్యో కథలకు మూలం పట్టించుకోని అన్యాయం. మిచిజానే కథలో గౌరవం పగను చల్లార్చింది, ఓయివా పగ దోషిని వెంటాడింది. 'రింగు', 'జు-ఆన్'లలో నిజం బయటపడినా పగ ఆగదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మిచిజానే ఒన్ర్యో నుంచి దేవుడిగా మారిన క్రమాన్ని వివరించండి.
2. ఓయివా పగకూ కయాకో పగకూ తేడా ఏమిటి?
3. రేయికో చివరి నిర్ణయాన్ని మీరు సమర్థిస్తారా? కారణాలు రాయండి.