నీళ్లొద్దు.. డీజిలే కావాలి!

ఎండాకాలం వచ్చిందంటే మా మద్దూరు బావుల దగ్గర పూడిక తీసే క్రేన్లు దిగుతాయి. మొన్నటి వేసవిలో మా బావి పని అయిపోయి సామాన్లు సర్దుతుంటే, ఒడ్డు మీదున్న డీజిల్ క్యాన్ ఒరిగింది. రెండు మూడు లీటర్లు బావిలో పడ్డాయి. అప్పటికే మోకాలి లోతు ఊట చేరింది. ఆ నీళ్లే మా బర్రెలకు దిక్కు.

"గడ్డెయ్ బిడ్డా, పీల్చుకుంటది" అన్నాడు నాయిన. వేశాం. పీల్చుకుంది, కానీ డీజిల్‌తో పాటు నీళ్లను కూడా. సగం గడ్డి అడుక్కి పోయింది. మేడ మీద కుండీల కోసం అక్క తెప్పించిన పర్లైట్ గుర్తొచ్చి గుప్పెడు చల్లా. అదీ అంతే, తేలింది గానీ నీళ్లతోనే కడుపు నింపుకుంది.

ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. పర్లైట్ అంటే అగ్నిపర్వతాల దగ్గర దొరికే గాజురాయి. దాని లోపల 2 నుంచి 5 శాతం నీరు ఉంటుంది. 850 డిగ్రీలు దాటేలా వేడి చేస్తే ఆ నీరు ఆవిరై, రాయి మక్క పేలాల్లా ఉబ్బుతుంది. మన నెల్లూరు అభ్రకం నేలల్లో దొరికే వర్మిక్యులైట్ కూడా వేడికి హార్మోనియం తిత్తిలా విచ్చుకుంటుంది. రెండూ తేలిక, రెండింటి నిండా సందులే. చిక్కల్లా వాటి పైపొరకు నీళ్లంటే ఇష్టం. అందుకే ఫ్యాక్టరీల్లో వాటికి సిలికోన్ లాంటి పూత వేస్తారు. అప్పుడు నీటి బొట్టు చేమాకు మీద జారినట్టు జారిపోతుంది, నూనె మాత్రం లోపలికి వెళ్తుంది.

ఈ ఆలోచన పాతదే. 1967 మార్చిలో టోరీ కాన్యన్ అనే ట్యాంకర్ ఇంగ్లండ్ తీరంలో రాళ్లకు గుద్దుకుంది. సముద్రంలో పారిన చమురు మీద ఫ్రాన్స్ వాళ్లు స్టియరేట్ కలిపిన సుద్దపొడి చల్లారు, దాదాపు 3,000 టన్నులు. చమురు సుద్దకు అంటుకుని మునిగిపోయింది. పైకి కనిపించలేదు, అంతే! చెత్తను మంచం కిందికి ఊడ్చినట్టే కదా? అందుకే నా లెక్కలో పూత కంటే తేలడం ముఖ్యం. తేలితేనే తిరిగి తీయగలం.

మరి 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరులో బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం ఓడలు గుద్దుకున్నప్పుడు జనం బకెట్లతో ఎందుకు తోడారు? ఆ వీడియోలు చూసి అప్పట్లో నేనూ నవ్వా. ఇప్పుడు నవ్వు రావట్లేదు. అది డీజిల్ కాదు, ఓడల్లో వాడే చిక్కటి ఇంధనం. నీళ్లతో కలిసి ముద్దైతే అంత సన్నని సందుల్లోకి ఎక్కదు. అలాంటి చోట చేతులే దిక్కవుతాయి.

మాది పల్చటి డీజిల్ కాబట్టి తెల్లారి ఇంకోసారి ప్రయత్నించా. బావికి దూరంగా, బాణలిలో పర్లైట్ వేడి చేసి కొవ్వొత్తి తురుము కలిపా. (అమ్మ బాణలి అని తర్వాత తెలిసింది.) ముందు బకెట్లో చూశా. గింజలు పైనే నిలబడి, డీజిల్ తగలగానే రంగు మారాయి. ఇది గట్టి పూతేం కాదు, డీజిల్లో మైనం మెల్లగా కరుగుతుంది. అందుకే బావిలో చల్లిన పావుగంటకే పాత దోమతెరతో తోడేశాం.

రంగురంగుల తెట్టు చాలా వరకు పోయింది. వాసన మాత్రం పోలేదు. నీళ్లను రెండుసార్లు తోడించి, వారం దాకా బర్రెలను అటు పోనివ్వలేదు.

డీజిల్ తాగిన ఆ పర్లైట్ ఇంకా కొట్టంలోనే ఉంది, మూత బిగించిన డబ్బాలో. కాలిస్తే పొగ, పారేస్తే వానకు మళ్లీ బావిలోకే. ఇలాంటి చెత్తను శుద్ధి చేసే కేంద్రం హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ఉంది గానీ, అక్కడికి వచ్చేవి ఫ్యాక్టరీల లారీలు. నా ఒక్క డబ్బా ఎవరు తీసుకుంటారు? "ఇంకెన్ని రోజులుంచుతవ్ రా దీన్ని?" అని నాయిన రోజూ అడుగుతున్నాడు.