సుస్థిరాభివృద్ధిని కొలుచుట ఎట్లు?

ఒక గ్రామములో ఒక సంవత్సరము నూరుగురు శిశువులు సజీవముగా జన్మించిరి. ఒక తల్లి ప్రసవ సమయమున మరణించినది. మరుసటి సంవత్సరము మరల నూరు ప్రసవములు జరిగినవి. తల్లులలో ఎవరును మరణింపలేదు. ఈ ఒక్క సంవత్సరములో ఆ గ్రామపు వైద్యవసతులు మెరుగుపడినవని చెప్పవచ్చునా? మొదటి సంవత్సరము అవి అధ్వాన్నముగా నుండెనని అనవచ్చునా? ఒక మరణము ఆ కుటుంబమునకు తీరని నష్టమే. కాని పై ప్రశ్నలకు సమాధానము దుఃఖము వలన గాని, సంతోషము వలన గాని లభింపదు. అందుకు సాంఖ్యకశాస్త్రము కావలెను.

ప్రస్తుత తరము తన అవసరములు తీర్చుకొనుచు, రాబోవు తరముల అవసరములకు భంగము కలుగకుండ సాగించు అభివృద్ధియే సుస్థిరాభివృద్ధి. ఈ భావము 1987లో వెలువడిన బ్రంట్లాండ్ సంఘము నివేదిక ద్వారా విశేష ప్రచారము పొందినది. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సభ్యదేశములు 2030 నాటికి సాధింపవలసిన 17 ధ్యేయములను, వాటి క్రింద 169 లక్ష్యములను అంగీకరించినవి. లక్ష్యమునకు ఎంత చేరువైనదియు తెలుపు కొలతకు సూచిక యని పేరు. తల్లుల మరణములను తగ్గించుట ఒక లక్ష్యము. ప్రసూతి మరణ నిష్పత్తి దాని సూచిక.

నిష్పత్తి ఎందుకు?

ఒక పెద్ద రాష్ట్రములో మరణించిన తల్లుల సంఖ్య చిన్న రాష్ట్రములోని సంఖ్య కంటె ఎక్కువగా నుండుట సహజము. కేవలము ఆ సంఖ్యలను పోల్చిన ప్రయోజనము లేదు. కాన మరణముల సంఖ్యను సజీవ జననముల సంఖ్యచే భాగించి, లక్షచే గుణింతురు. గర్భధారణ సమయమున గాని, అది ముగిసిన 42 దినములలోపుగా గాని, గర్భసంబంధమైన కారణములచే సంభవించిన మరణములే ఇందులో చేరును. ప్రపంచమంతటికి 2030 నాటి లక్ష్యము లక్ష జననములకు 70 కంటె తక్కువ. భారతదేశములో ఈ నిష్పత్తి 2014-16 లో 130. 2018-20 లో 97.

ఇప్పుడు పై గ్రామమును చూడవచ్చును. నూరు జననములకు ఒక మరణ మనగా లక్షకు 1,000. మరుసటి సంవత్సరము సున్న. దేశపు సగటైన 97 ప్రకారమే చూచినను, ఏటా నూరు జననములు జరుగు గ్రామములో సుమారు పదేండ్లకు ఒక మరణము సంభవింపవచ్చును. కాబట్టి 1,000 అనునది ఆ గ్రామపు దుస్థితికి నిదర్శనము కాదు. సున్న దాని ఘనతకు నిదర్శనము కాదు. రెండును చాలవరకు యాదృచ్ఛికములు. సంఖ్యలు చిన్నవైన కొలది యాదృచ్ఛికత యొక్క ప్రభావము పెద్దదగును. అందువలననే దేశములో ఈ నిష్పత్తిని ఒక్క ఏటి లెక్కపై గాక, మూడేండ్ల లెక్కలను కలిపి ప్రకటింతురు.

మెతుకు పట్టి చూచుట

దేశములోని ప్రతి ఇంటికి ఏటేట పోయి లెక్క వ్రాయుట సాధ్యము కాదు. అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకు లన్నియు నలిపి చూడనక్కరలేదు. ఒకటి రెండు చాలును. ఇదియే నమూనా పద్ధతి. అయితే కలియబెట్టని కుండలో అడుగున మాడి, పైన పలుకుగా నుండవచ్చును. పై మెతుకు ఒక్కటే చూచినవారు మోసపోవుదురు. బాటప్రక్క ఇండ్లనే చూచి ఊరంతటిని గూర్చి చెప్పుటయు అట్టిదే. కాన ప్రతి ఇంటికిని ఎన్నికయగు అవకాశము ముందుగా నిర్ణయమై యుండునట్లు యాదృచ్ఛికముగా ఎన్నుకొనవలెను.

భారతదేశములో నమూనా నమోదు పద్ధతి 1964-65 లో ప్రయోగాత్మకముగా ఆరంభమై, 1969-70 నాటికి దేశమంతటను వ్యాపించినది. ఎన్నుకొనిన ప్రాంతములలో ఒక గణకుడు జనన మరణములను ఎప్పటికప్పుడు నమోదు చేయును. ఆరు నెలల కొకసారి వేరొక ఉద్యోగి స్వతంత్రముగా విచారణ జరుపును. తరువాత రెండు జాబితాలను సరిపోల్చుదురు. ఒకరు విడిచినది మరియొకరికి దొరకును.

నమూనా పెరిగిన కొలది అంచనాలోని యాదృచ్ఛిక దోషము తగ్గును. కాని నమూనా పరిమాణము యొక్క వర్గమూలము ననుసరించి మాత్రమే తగ్గును. దోషము సగము కావలె నన్న నమూనా నాలుగింతలు కావలెను. ఎన్నికలోనే పక్షపాత మున్నచో, నమూనా ఎంత పెద్దదైనను ఆ దోషము తొలగదు.

ఈ రంగమున భారతీయుల కృషి గణనీయము. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారత సాంఖ్యక సంస్థను స్థాపించెను. 1950లో జాతీయ నమూనా పరిశీలన ఆరంభమైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు (1920-2023), నిష్పాక్షికమైన అంచనాలోని అనిశ్చితి ఏ హద్దు కంటె తగ్గజాలదో 1945 నాటి వ్యాసములో చూపెను.

సగటు చెప్పునది, దాచునది

ఒక వీధిలో ఐదు కుటుంబములు గలవు. వాటి నెలసరి ఆదాయములు వరుసగా 8, 9, 10, 12, 61 వేల రూపాయలు. మొత్తము లక్ష, సగటు 20 వేలు. కాని నాలుగు కుటుంబములకు 20 వేల ఆదాయము లేదు. ఆదాయములను ఆరోహణ క్రమమున నిలిపి నడుమనున్న దానిని తీసికొన్నచో 10 వేలు వచ్చును. దీనిని మధ్యగత మందురు. ఒక్క ధనికుని ఆదాయము రెట్టింపైనను మధ్యగతము కదలదు; సగటు మాత్రము పైకి లేచును.

సగటుల సగటు తీయుటలోను ప్రమాదము గలదు. ఒక ప్రాంతములో 9,000 జననములకు 9 మరణములు, నిష్పత్తి 100. వేరొక ప్రాంతములో 1,000 జననములకు 3 మరణములు, నిష్పత్తి 300. రెండింటి సగటు 200 అనుట తప్పు. మొత్తము 10,000 జననములకు 12 మరణములు. కాన సరియైన నిష్పత్తి 120. ప్రతి ప్రాంతమునకును దాని జననముల ననుసరించి బరువు నీయవలెను.

సరిగా కట్టిన సగటు సైతము వ్యత్యాసములను దాచును. 2018-20 లో దేశపు నిష్పత్తి 97 కాగా, కేరళలో 19, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, అస్సాములో 195. దేశమంతటికిని ఒకే సంఖ్యను చూచువారికి అస్సాము తల్లి కనబడదు. అందువలననే ప్రతి సూచికను ప్రాంతము, ఆదాయము, వయస్సు, స్త్రీ పురుష భేదము మున్నగువాటి ననుసరించి విడదీసి చూడవలెను.

మార్పు వేగము

130 నుండి 97కు తగ్గుటకు నాలుగేండ్లు పట్టినది. తగ్గుదల 33, అనగా ఏటికి 8 కంటె కొంచె మెక్కువ. ఇదే తీరున తగ్గినచో 97 నుండి 70కి చేరుటకు మూడేండ్లకు పైగా పట్టును. కాని వేరొక విధముగా చూచిన, ఏటేట వెనుకటి దానిలో సుమారు నూటికి 7 వంతున తగ్గినది. ఈ లెక్కన 70కి చేరుటకు నాలుగున్నరేండ్లు కావలెను. సులభముగా నివారింపదగిన మరణములు ముందు తగ్గి, కష్టసాధ్యమైనవి మిగులుట వలన రెండవ పద్ధతియే తరచు వాస్తవమునకు సమీపముగా నుండును. ఏ పద్ధతియు జోస్యము కాదు. 2020 నాటి మహమ్మారి వంటి విపత్తును ఏ సూత్రమును ముందుగా చెప్పజాలదు.

పెక్కు సూచికలు, ఒకే సంఖ్య

అన్ని సూచికలు ఒకే దిక్కునకు కదలవు. జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన 2019-21 లో 6 లక్షల 36 వేలకు పైగా కుటుంబములను విచారించినది. 2015-16 నాటి పరిశీలనతో పోల్చగా, వయస్సునకు తగిన ఎత్తు లేని ఐదేండ్లలోపు పిల్లలు నూటికి 38.4 నుండి 35.5కు తగ్గిరి. 15-49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు నూటికి 53.1 నుండి 57.0కు పెరిగిరి. ఒకటి మాత్రమే చెప్పి రెండవది దాచినచో, చెప్పినది నిజమైనను చిత్రము అబద్ధమగును.

పెక్కు సూచికలను ఒక సంఖ్యగా కూర్చుటయు కలదు. మానవాభివృద్ధి సూచిక ఆయుర్దాయము, విద్య, ఆదాయములను కలుపును. 2010 నుండి దీనికి గుణమధ్యమమును వాడుచున్నారు. మూడు అంశముల విలువలు 0.9, 0.9, 0.3 అయినచో వాని సగటు 0.7, గుణమధ్యమము సుమారు 0.62 మాత్రమే. మూడును 0.7 అయినచో రెండు పద్ధతులలోను 0.7 వచ్చును. అనగా ఒక అంశమున వెనుకబాటును మరియొక దాని ఆధిక్యము పూర్తిగా కప్పివేయకుండ గుణమధ్యమము కాపాడును.

రాబడియు నిల్వయు

పంట దిగుబడి ఏటేట పెరుగుచుండగా బావులలో నీరు ఏటేట క్రిందికి పోవచ్చును. దిగుబడి రాబడి వంటిది. భూగర్భజలము నిల్వ వంటిది. ఏటా తోడిన నీటిని, ఏటా తోడదగిన నీటిచే భాగించి నూటికి లెక్కకట్టుదురు. అది 100 దాటిన ప్రాంతమును భారత ప్రభుత్వ భూగర్భజల అంచనాలలో మితిమీరి తోడిన ప్రాంతముగా పరిగణింతురు. అచ్చటి నేటి పంటలో కొంత భాగము రేపటివారి నీటితో పండినదే. సుస్థిర మను మాటకు అర్థము ఈ ఒక్క నిష్పత్తిలో స్పష్టముగా గోచరించును.

ప్రగతిని గూర్చి ఏ సంఖ్య కనబడినను విద్యార్థి ఐదు ప్రశ్నలు వేయవలెను. హారము ఏది? ఏ సంవత్సరముతో పోల్చిరి? లెక్క ఎవరినుండి సేకరించిరి? సగటు వెనుక ఎవరున్నారు? ఈ లాభము నిల్వను తరిగించి వచ్చినదా? ఉపాధ్యాయులు తరగతిలో వార్తాపత్రికలోని ఒక సంఖ్యను తీసికొని ఈ ప్రశ్నలతో పరీక్షింపజేయవచ్చును. దీనికి కూడిక, భాగహారము తెలిసిన చాలును. లెక్కలో చేరని మనిషికి పథకములలోను చోటు దొరకుట దుర్లభము. కనుక లెక్క సరిగా కట్టుట కూడ ప్రజాసేవయే.