వెబ్ పుటలనుండి పాఠసేకరణము: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనుల పరిమితి

వెబ్ పుటలనుండి తెలుగు పాఠమును సేకరించి పదసూచికలు కూర్చు పరిశోధకులకు మొదట నెదురగు పని ట్యాగుల తొలగింపు. హెచ్.టి.ఎం.ఎల్. పుటయందు పాఠము, కోణపు గుర్తులలో వ్రాయబడిన ట్యాగుల నడుమ పొదుగబడి యుండును. ఈ తొలగింపునకు పలువురు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనును, అనగా అక్షరముల అమరికను వర్ణించు సూత్రమును, ఆశ్రయింతురు. దీనికి మూలమగు గణితభావనను స్టీఫెన్ క్లేనీ 1956లో ప్రకటించెను. కెన్ థాంప్సన్ 1968లో దానిని పాఠాన్వేషణకు పనికివచ్చు పద్ధతిగా రూపొందించెను.

<.*> అను సూత్రమును పరిశీలింతము. చుక్క ఏ యక్షరమునకైనను, నక్షత్రము ఎన్ని యావృత్తులకైనను గుర్తు. ఇది ఒక్క ట్యాగుతో ఆగునని తోచును గాని, నక్షత్రము వీలైనంత దూరము సాగును. ఒకే పంక్తిలో ఆదిపర్వము, సభాపర్వము అను పేర్లు వేర్వేరు ట్యాగుల నడుమ నున్నచో, మొదటి ట్యాగు ఆరంభమునుండి చివరి ట్యాగు అంతమువరకు సమస్తమును తుడుపుపడును. యంత్రము దోషమని చెప్పదు; సూచికలో రెండు పేర్లు లోపించును, అంతియే. <[^>]*> అని వ్రాసినచో ఈ యాపద చాలవరకు తప్పును.

ఒకదానిలో నొకటి యిమిడిన ట్యాగుల విషయమున చిక్కు మౌలికమైనది. వ్యాఖ్యానమును చుట్టిన డివ్ ట్యాగులో అధస్సూచికకై మరియొక డివ్ ఉన్నదనుకొందము. తొలి ముగింపుకడ ఆగుమన్న సూత్రము లోపలి ముగింపుకడనే ఆగును. అధస్సూచిక తరువాతి వ్యాఖ్యానము దక్కదు. పుటలోని చివరి ముగింపువరకు సాగుమన్నచో పరాయి పాఠము వచ్చి చేరును. ఎన్ని తెరువబడెనో, ఎన్ని మూయబడెనో హద్దు లేక లెక్కించు శక్తి క్లేనీ నిర్వచించిన సూత్రములకు లేదు. నేటి కొన్ని యంత్రభాషలు ఆ కొరతను తీర్పజూచినవి గాని, అట్టి సూత్రమును వ్రాసినవాడే మరునాడు చదువలేడు. కావున ట్యాగులను వృక్షముగా కూర్చు బ్యూటిఫుల్ సూప్ వంటి పనిముట్టునకు ఈ పని నప్పగించుటయే యుక్తము.

సూత్రములకు తగిన చోటు అటుపిమ్మటిది: శుద్ధపాఠమున పదములను విడదీయుట. ఇచ్చటను తెలుగునకు ప్రత్యేకమగు జాగ్రత్త వలయును. పైథాన్ భాషకు సహజమైన సూత్రవిభాగమున “పదాక్షరము” అను సంకేతము గుణింతపు గుర్తులను, పొల్లును అంగీకరింపదు. “తెలుగు” అను పదమే త, ల, గ అని మూడు తునకలగును! యూనికోడులో తెలుగునకు కేటాయింపబడిన 128 స్థానముల శ్రేణిని సూత్రమున నేరుగా పేర్కొన్నచో గుణింతములు నిలుచును. ఆ శ్రేణికి వెలుపల, అక్షరములను కలియనీయక కంటికి కనబడని గుర్తు ఒకటి కలదు. దానినిగూడ చేర్పనిచో “ఎక్స్‌ప్రెషన్” అను మాట నడిమికి విరిగి, సూచికలో రెండు పదములుగా నెక్కును.