ముఖపు గుర్తులు - చట్టపు రక్షణ

తాళపుచెవి పోయినచో క్రొత్త తాళము వేసికొందుము. బ్యాంకు పాస్‌వర్డు ఇతరులకు తెలిసినచో మార్చుకొందుము. కాని వ్రేలిముద్రను, కంటిపాపను, ముఖమును మార్చుకొనుట సాధ్యము కాదు. బయోమెట్రిక్ గుర్తులకును ఇతర సమాచారమునకును గల భేదమంతయు ఇందులోనే ఉన్నది.

2021 మే నెలలో, కరోనా దినములలో, హైదరాబాదు పాతబస్తీలో పోవుచున్న ఎస్. క్యూ. మసూద్ అను సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి మాస్కు తీయుమనిరి. ఆయన నిరాకరించెను. అయినను తన ఫొటో తీసికొనిరని ఆయన ఫిర్యాదు. ఎందుకు తీసితిరి, ఎట్లు వాడెదరు, ఎవరికి చూపెదరు అని అడుగుచు నగర పోలీసు కమీషనరునకు లాయరు నోటీసు పంపెను. తరువాత తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసెను. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వమునకు నోటీసు జారీచేసినది.

ఒక్క ఫొటోకు ఇంత గొడవ యెందుకని విద్యార్థులకు తోచవచ్చును. చార్మినారు వద్ద ప్రతిదినము వేలకొలది ఫొటోలు తీయుదురు గదా! కాని ముఖమును గుర్తించు యంత్రమునకు అందిన పిదప అది కేవలము బొమ్మగా మిగులదు. కంప్యూటరు ముఖమును వేరుచేసి, నిటారుగా సరిచేసి, కొన్ని వందల అంకెల వరుసగా మార్చును. ఒకే మనిషి ఫొటోలనుండి వచ్చిన వరుసలు దగ్గరగాను, వేర్వేరు మనుషులవి దూరముగాను ఉండునట్లు దానికి ముందే శిక్షణ ఇత్తురు. రెండు వరుసల మధ్య దూరము ఒక హద్దునకు లోబడినచో "వీడే వాడు" అనును. హద్దును వదులు చేసినచో అమాయకులు చిక్కుదురు. బిగించినచో దొంగలు తప్పించుకొందురు. వేయిమందిలో ఒక్కరి విషయమున మాత్రమే పొరబడు యంత్రమనుకొందము. లక్షమంది నడచు వీథిలో అదియు నూరుగురిని అనవసరముగా నిలబెట్టును. ఈ లెక్కను ఉపాధ్యాయులు తరగతిలో చేయించి చూడవచ్చును.

ఇక చట్టము. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా చెప్పినది. ప్రభుత్వము అందులో జోక్యము చేసికొనవలెనన్న, ముందుగా ఒక చట్టముండవలెను. ప్రయోజనము న్యాయమైనదై యుండవలెను. చర్య ఆ ప్రయోజనమునకు తగినంతలోనే ఉండవలెను. మసూద్ వాదమునకు మొదటి మెట్టే పట్టు: ముఖగుర్తింపునకు ప్రత్యేక చట్టమేది? ఆనాడు అమలులోనున్న 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టము అరెస్టయినవారికి, శిక్షపడినవారికి, మేజిస్ట్రేటు ఆజ్ఞ పొందినవారికి వర్తించునేగాని దారిని పోవువానికి కాదు. దాని స్థానమున వచ్చిన 2022 చట్టము కంటిపాపను కూడ చేర్చి, గుర్తులను 75 ఏండ్లు దాచుటకు వీలు కల్పించినది.

తప్పు చేసినది పోలీసులో, ప్రభుత్వ శాఖయో అయినచో ముఖ్యమైన మార్గము రాజ్యాంగము 226వ అధికరణము క్రింద హైకోర్టులో రిట్. ఆ పనిని ఆపుమనియు, దాచిన గుర్తులను చెరిపివేయుమనియు కోర్టు ఆదేశింపవచ్చును. ప్రాథమిక హక్కుకు భంగము కలిగినపుడు ప్రభుత్వముచే నష్టపరిహారము ఇప్పింపవచ్చునని 1993లో నీలావతి బెహరా కేసులో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది.

కంపెనీల సంగతి వేరు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 43ఏ సెక్షను ప్రకారము, అజాగ్రత్తవలన సున్నితమైన సమాచారము బయటపడి నష్టము కలిగినచో కంపెనీ పరిహారము చెల్లింపవలెను. బయోమెట్రిక్ గుర్తులు అట్టి సమాచారమేనని 2011 నియమములు చెప్పుచున్నవి. 5 కోట్ల రూపాయల వరకు దావాలను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి విచారించును. ఒకరి గుర్తును మోసముతో వాడినవానికి 66సి సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇది ఊహామాత్రము కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో భూముల రిజిస్ట్రేషను కాగితములపైనున్న ముద్రలనుండి రబ్బరు వ్రేళ్ళు చేసి సిమ్ కార్డులు తీసిన నేరము బయటపడినది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము జరిమానాను 250 కోట్ల వరకు పెంచినది. వినుటకు గొప్పగానే ఉన్నది. కాని ఆ సొమ్ము భారత సంచిత నిధికి పోవును. నష్టపోయినవానికి పైసా రాదు. పైగా చట్టము పూర్తిగా అమలునకు వచ్చిననాడు 43ఏ తొలగిపోవును. నేర పరిశోధనకు విస్తృతమైన మినహాయింపులును కలవు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రపు 2008 చట్టము ఇందుకు భిన్నము. అజాగ్రత్తకు 1,000 డాలర్లు, బుద్ధిపూర్వక ఉల్లంఘనకు 5,000 డాలర్లు బాధితునికే దక్కును. వినోదవనములో ఒక బాలుని బొటనవ్రేలిముద్ర తీసిన కేసులో, వేరే నష్టమును చూపనక్కరలేదని ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు 2019లో నిర్ణయించినది. మన చట్టమునకు లోపించినది ఇదేనని నా అభిప్రాయము.

అయినను ముఖము విషయమున డబ్బుకంటె చెరిపివేతయే ముఖ్యము. అది కోరువారు తేదీని, స్థలమును, అధికారి వివరములను వెంటనే వ్రాసియుంచుకొని, ముందుగా వ్రాతమూలకముగా అడుగుట మంచిది. సమాచారహక్కు దరఖాస్తునకు సాధారణముగా 30 దినములలో జవాబు రావలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, తక్కువ ఆదాయము గలవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఏర్పాటు చేయును. పాతబస్తీవారికి పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయము కలదు.