ఎత్తు లేపిన జీపు... మాట వినని స్టీరింగు

జీపు ఎత్తు లేపించారు. ఒడ్డు తగలడం లేదు, బండ్లబాటలో అడుగు ఆనడం లేదు. అంతవరకు బాగానే ఉంది. తారురోడ్డు ఎక్కితేనే అసలు సంగతి బయటపడుతుంది. చిన్న గుంత వస్తే నడుము విరిగినంత కుదుపు. స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. యాభై వేగం దాటితే ముందు చక్రాలు గజగజ వణుకుతాయి.

మెకానిక్ షెడ్ల ముందు ఇలాంటి మాటలు తరచూ వినబడుతుంటాయి. "ఏందన్నా, మొన్ననే కమాన్లు కట్టినం గద!" అంటాడు మెకానిక్. "కట్టినవు గని తమ్మీ, బండి నా మాట ఇంటలేదు" అంటాడు రైతు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కమాన్లు కట్టడంతో పని అయిపోలేదు, అక్కడే మొదలైంది.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దాకా పాత జీపు, కమాండరు ఉన్న రైతులకు దాంతో చాలా పనులుంటాయి. విత్తనాలు, ఎరువు బస్తాలు, మోటారు, పైపులు, నాట్ల కాలంలో కూలీలు అన్నీ దాంట్లోనే. 2025 ఆగస్టు చివర్లో కురిసిన కుండపోత వానకు కామారెడ్డి జిల్లాలో రోడ్లు, కల్వర్టులు కోసుకుపోయిన సంగతి అందరికీ తెలిసిందే. ఇలాంటి బాటల్లో తిరిగేవారికి బండి ఎత్తు పెంచాలన్న ఆలోచన రావడం సహజం. అయితే లేపేముందు, లేపిన తర్వాత చూసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

అసలు ఏది పైకి లేచింది?

జీపు 1941లో అమెరికా సైన్యం కోసం పుట్టిన బండి. మన దేశంలో మహీంద్రా వారు 1947 నుంచి విల్లీస్ జీపులను బిగించి అమ్మడం మొదలుపెట్టారు. ఆ తరహా జీపుల్లో ముందూ వెనకా రెండు చక్రాలను కలుపుతూ ఒకే గట్టి ఇరుసు ఉంటుంది. దాని మీద కమాన్ కట్టలు, వాటి మీద చాసీ కూర్చుంటాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. కమాన్లు ఎంత లేపినా పైకి లేచేది చాసీ, బాడీ మాత్రమే. ఇరుసు మధ్యన గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అది నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో తేల్చేది టైరు సైజు ఒక్కటే. బాట మధ్య గడ్డకు మీ బండిలో తగిలేది డిఫరెన్షియల్ అయితే, కమాన్లు లేపి డబ్బు ఖర్చు చేసినా లాభం లేదు. కింద పడుకుని ఏ భాగం మీద గీతలు పడ్డాయో ఒకసారి చూసుకుంటే ఖర్చు పెట్టాలో వద్దో అక్కడే తేలిపోతుంది.

కుదుపు ఎందుకు పెరుగుతుంది?

ఎత్తు కోసం చాలామంది కమాన్ కట్టలో అదనపు పట్టీలు వేయిస్తారు. పట్టీలు పెరిగిన కొద్దీ కట్ట బిగుసుకుంటుంది. పది బస్తాలు వేసినప్పుడు బాగానే ఉంటుంది. ఖాళీగా వచ్చేటప్పుడు మాత్రం కమాను వంగదు, గుంత దెబ్బ నేరుగా సీటుకు వస్తుంది. చక్రం నేలను వదిలి ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు.

మొదట టైర్లలో గాలి చూడండి. బరువు కోసం ఎక్కువ గాలి కొట్టించి ఖాళీ బండికీ అలాగే వదిలేస్తే సగం కుదుపు దానివల్లే. బండి పుస్తకంలో ఖాళీకి ఎంత, బరువుకు ఎంత అని రాసి ఉంటుంది. ఆ లెక్క పాటించండి.

రెండోది, పట్టీల మధ్య తుప్పు. బురదలో తిరిగే బండికి ఇది తప్పదు. కట్ట విప్పి పట్టీలను బ్రష్షుతో శుభ్రం చేసి, పాతకాలం కమాన్లయితే మధ్యలో గ్రీజు రాసి బిగిస్తే అవి ఒకదాని మీద ఒకటి జారి మెత్తగా పనిచేస్తాయి. అదనంగా వేసిన పట్టీల్లో ఒకటి తీసేసి చూడండి. ఎత్తు కొద్దిగా తగ్గినా నడక చాలా మెరుగవుతుంది.

మూడోది షాకబ్జర్లు. చాసీ లేచింది, షాకబ్జరు మాత్రం పాతదే ఉంది. అది ఎప్పుడూ పూర్తిగా సాగిపోయే ఉంటుంది. గుంతలో చక్రం కిందికి దిగాలంటే దానికి ఇక సాగే జాగా లేదు. ఠక్కున కొడుతుంది, కొన్నాళ్లకు లీకవుతుంది. లేపిన ఎత్తుకు తగ్గ పొడవున్నవి వేయించాలి. బాడీ మూలను గట్టిగా నొక్కి వదలండి. ఒక ఊపుతో నిలిచిపోతే షాకబ్జరు బాగున్నట్టు. రెండు మూడు సార్లు ఊగితే దాని పని అయిపోయినట్టే.

స్టీరింగు ఎందుకు లాగుతుంది?

స్టీరింగ్ బాక్సు చాసీ మీద ఉంటుంది, చక్రాలు ఇరుసు మీద ఉంటాయి. రెండింటినీ కలిపేది డ్రాగ్ లింకు. కంపెనీ బిగించినప్పుడు ఈ రాడ్డు దాదాపు సమంగా ఉంటుంది. చాసీ లేచేసరికి ఏటవాలు పెరుగుతుంది. అప్పుడు కమాను కిందికీ పైకీ ఆడినప్పుడల్లా రాడ్డు చక్రాన్ని తోస్తుంది, గుంజుతుంది. మీరు స్టీరింగు తిప్పకపోయినా బండి పక్కకు పోయేది అందుకే.

దీనికి ఒక మందు లేపిన ఎత్తును తగ్గించడం. రెండోది, ఆ బండికి సరిపోయే, కిందికి దిగిన డ్రాప్ ఆర్మ్ వేయించడం. పాత రాడ్డును కాల్చి వంచడం, వెల్డింగు పెట్టి పొడిగించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. ఆ అతుకు ఊడిన రోజున చేతిలో ఉండేది ఒట్టి చక్రమే.

ఇక చక్రాల వణుకు. సైకిలు ముందు ఫోర్కు చూడండి. కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. అందుకే చేతులు వదిలినా కాసేపు సూటిగా పోతుంది. జీపు ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్‌కు కూడా ఇలాంటి వాలే ఉంటుంది. దీన్నే కాస్టర్ అంటారు. పాత విల్లీస్ తరహా జీపులకు ఇది 3 డిగ్రీలు. ముందు కమానుకు షాకిల్ ముందు కొసన ఉండే బండ్లకు పొడవు షాకిల్ వేస్తే ఇరుసు ముందుకు తిరిగి ఈ వాలు తగ్గిపోతుంది. దాంతో తిప్పిన స్టీరింగు తనంతట తాను సూటికి రాదు, బండి రోడ్డు మీద అటూ ఇటూ పాకుతుంది. ఇరుసుకూ కమానుకూ మధ్య ఏటవాలు ఇనుప వెడ్జిలు పెట్టించి ఈ కోణం సరిచేయవచ్చు. కోణం కొలిచే సాధనం ఉన్న చోటే ఈ పని చేయించాలి.

ఇంటి దగ్గర మీరే చూసుకోండి

షెడ్డుకు పోయేముందు ఈ పరీక్షలు చేసుకుంటే అనవసరంగా సామాను మార్చే బాధ తప్పుతుంది.

1. బండి నేల మీదే ఉంచి ఒక మనిషిని స్టీరింగు కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమనండి. మీరు ముందు నుంచి చూడండి. ఏ జాయింటు ముందు కదిలి రాడ్డు తర్వాత కదులుతుందో అక్కడ అరుగుదల ఉన్నట్టు. బాక్సే చాసీ మీద కదులుతుంటే బోల్టులు చూడాలి, చాసీకి చీలిక వచ్చిందేమో కూడా చూడాలి.

2. ముందు ఇరుసును జాకీతో లేపి, కింద గట్టి దిమ్మె పెట్టండి. ఒట్టి జాకీని నమ్మవద్దు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందా? బేరింగో, కింగ్ పినో అరిగింది. రెండు పక్కలా పట్టుకుని ఊపితే ఆడుతోందా? టై రాడ్ కొసలు చూడాలి.

3. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు వైపులా టేపుతో కొలవండి. తేడా వస్తే కమాను మధ్య బోల్టు తెగి ఇరుసు జరిగి ఉండవచ్చు.

4. రెండు ముందు టైర్ల మధ్య గీతల మీద, ఇరుసు ఎత్తులో ముందువైపు చాక్‌పీసుతో గుర్తు పెట్టి దూరం కొలవండి. ఆ గుర్తులు వెనక్కి వచ్చేదాకా బండిని ముందుకు నెట్టి మళ్లీ కొలవండి. ముందు కొలత వెనకదానికంటే కొంచెం, అంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. మీ బండి పుస్తకంలో ఉన్న లెక్కే చివరి మాట.

స్టీరింగులో వదులు ఉందని మొదటే బాక్సు స్క్రూ బిగించేస్తుంటారు కొందరు. ఇది పొరపాటు. జాయింట్లు, బుష్‌లు, బేరింగులు సరిచేశాకే బాక్సు జోలికి పోవాలి. అతిగా బిగిస్తే స్టీరింగు మధ్యలో పట్టేస్తుంది, బాక్సు త్వరగా అరుగుతుంది.

వణుకు మొదలైతే...

దారిలో చక్రాలు వణకడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కవద్దు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు తీసి, మెల్లగా ఎడమ పక్కకు తెచ్చి ఆపండి. వేగం తగ్గితే వణుకు పోతుంది గానీ రోగం పోదు. మర్నాడే షెడ్డుకు తీసుకుపోవాలి.

మరవకూడని జాగ్రత్తలు

ముందు ఇరుసు మీద ఎత్తు కోసం ఇనుప దిమ్మెలు పెట్టించవద్దు. బ్రేకు వేసినప్పుడు అవి జరిగే ప్రమాదం ఉంది. ఒకసారి విప్పిన యూ బోల్టుల స్థానంలో కొత్తవి వేయడమే మేలు. కొన్ని రోజులు నడిచాక పానాతో మళ్లీ బిగించాలి. చాసీ లేచినప్పుడు బ్రేకు హోసు పైపు సాగి బిగుసుకుందేమో చూడండి. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగితే క్రాసులు త్వరగా పోతాయి, బండి అడుగున గరగర వినిపిస్తుంది. ముందు కమాన్లు లేని కొత్త తరహా బండ్లకు ఈ లెక్కలన్నీ వర్తించవు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీ బుక్కులో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గరా పేచీ వస్తుంది. ఏ పని చేయించినా ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

అన్నిటికంటే పెద్ద సంగతి మరొకటి. బండి ఎంత లేస్తే బరువు అంత పైకి పోతుంది. మలుపులో బోల్తా పడే గుణం అంత పెరుగుతుంది. వెనక కూర్చునేది మన ఇంటివాళ్లు, మన చేలో కలుపు తీసే ఆడకూలీలు. కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే మంచి టైర్లు, మెత్తటి కమాన్లు, బాగున్న షాకబ్జర్లు ఉంటే చాలా బాటలు దాటవచ్చు. దాటలేని బాట ఉంటే నాలుగు ట్రిప్పుల మొరం పోయించడం, బండి లేపడం కంటే చవక. పక్క చేను రైతులకూ పనికొస్తుంది.