స్వల్ప ధనముతో శాసనసభకు పోటీ చేయు విధము



శాసనసభకు పోటీ చేయుట ధనికులకే చెల్లునను మాట మన పల్లెలలో తరచు వినబడుచున్నది. ధనమువలన సౌకర్యము కలుగును, నిజమే. కాని నకిరేకల్ చరిత్రను పరికించినచో ఆ మాట పూర్తిగా నిలువదు. గ్రామ సర్పంచిగా పనిచేసిన నర్రా రాఘవరెడ్డిగారు 1967లో ఇచటినుండి శాసనసభకు ఎన్నికైరి. 1972లో ఆ స్థానము వారి చేజారెను. 1978లో మరల గెలిచి, 1983, 1985, 1989, 1994 ఎన్నికలలోను విజయము పొందిరి. ఓటు ఎన్నికల నెలలో పుట్టునది కాదనుటకు ఇదియే తార్కాణము. పోటీ చేయదలచినవాడు ఏండ్ల ముందునుండియే ఊరికి ఎరుకపడి యుండవలయును.

ఇక విధానము. 2009 ఎన్నికలనుండి నకిరేకల్ షెడ్యూల్డు కులములవారికి కేటాయింపబడిన స్థానము. అభ్యర్థికి 25 ఏండ్లు నిండవలయును. అతడు రాష్ట్రములో ఏ నియోజకవర్గపు ఓటరైనను కావచ్చును; ప్రతిపాదకులు మాత్రము ఇచటి ఓటర్లే కావలయును. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలును. స్వతంత్రునకు పదిమంది కావలయును. వారి క్రమసంఖ్యలను ఓటర్ల జాబితాతో సరిచూడక వ్రాసినచో, పరిశీలననాడు పత్రము త్రోసివేయబడవచ్చును. ఒకరు నాలుగు పత్రములవరకు దాఖలు చేయవచ్చును. డిపాజిటు ఒక్కసారి కట్టిన చాలును. కావున వేరు ప్రతిపాదకులతో రెండవ పత్రమును గూడ దాఖలు చేయుట వివేకము.

డిపాజిటు 5,000 రూపాయలు. ఇతర కులములవారికి ఇతర స్థానములలో 10,000. చెల్లిన ఓట్లలో ఆరవవంతుకు మించి రాకున్న, ఓడిన అభ్యర్థికి ఆ సొమ్ము తిరిగి రాదు. ఈ మొత్తము పెరుగుటలో మన జిల్లాకును భాగము కలదు. 1996లో ఫ్లోరైడు నీటి బాధను దేశమునకు తెలుపుటకై నల్లగొండ లోక్‌సభ స్థానమునకు అనేకులు పోటీకి నిలువగా, అభ్యర్థుల సంఖ్య 480కి చేరెను. బ్యాలెట్ పత్రము పుస్తకమంత యయ్యెను. ఆ యేడే చట్టమును సవరించి డిపాజిటును పెంచిరి.

ప్రచారమునకు వాహనములకంటె మనుష్యులు ముఖ్యము. నకిరేకల్, కట్టంగూర్, కేతేపల్లి, చిట్యాల, నార్కట్‌పల్లి, రామన్నపేట యను ఆరు మండలములు ఇందు కలవు. ఊరికి ఇద్దరు నమ్మకస్థులు, వారిచేతిలో ఓటర్ల జాబితా ఉండవలయును. నిమ్మతోటల కూలీలు, మూసీ ఆయకట్టు రైతులు, చిట్యాలవైపు కార్మికులు ఒక్కవేళకు ఇంట దొరకరు; ఎవరి వేళకు వారిని కలిసికొనవలయును. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు మైకు నిషిద్ధము. పోలింగు ముగియుటకు 48 గంటల ముందే బహిరంగ ప్రచారము మానవలయును. ప్రతి పోలింగు కేంద్రమునకు ఒక ఏజెంటును నియమించి, ఉదయమున జరుగు నమూనా పోలింగునకు అతనిని పంపవలయును. పోలైన ఓట్ల లెక్కగల 17సి పత్రపు నకలును సాయంకాలమున అతడు తీసికొని రావలయును.

అన్నిటికంటె లెక్క ముఖ్యము. నామినేషనుకు ఒక్కరోజైన ముందు బ్యాంకులో ప్రత్యేకమైన ఖాతా తెరువవలయును. 2022లో మన రాష్ట్రమున ఖర్చునకు 40 లక్షల పరిమితి విధింపబడినది. అది హద్దు మాత్రమే. అంత ఖర్చు పెట్టుమని దాని భావము కాదు. చాయకు, కరపత్రములకు, ఆటోకు పెట్టిన ప్రతి రూపాయిని ఆనాడే వ్రాయవలయును. ఫలితము వెలువడిన 30 దినములలో లెక్క సమర్పింపవలయును. ఓడిన వారికిని ఇది తప్పదు. తగిన కారణము లేక సమర్పింపనిచో మూడేండ్లు పోటీకి అనర్హత కలుగవచ్చును. ఓడితిమి గదా యని లెక్క మరచువాడు రాబోవు ఎన్నికను గూడ పోగొట్టుకొనును.

పెద్దలైన మీ కర్తవ్య మిందు కలదు. సంతకము చేయుటకు ముందు పత్రమును చదువుడు. భూమి కుదువబెట్టి పోటీ చేయువానిని వారింపుడు. ఎన్నిక ముగిసినను వడ్డీ ముగియదు, దానిని తీర్చువారు భార్యాబిడ్డలు. మద్యము, డబ్బు పంచుట నేరమని యువకులకు చెప్పుడు. పేదవాడు నిజాయితీతో నిలువదలచినచో అతనికి విరాళముకంటె మీ మాట సాయమే మిన్న. ఊరి యరుగుమీద ఒక పెద్ద పలికిన సాక్ష్యము మైకులోని పది యుపన్యాసములకు సాటియగును.