కాలవ గట్టున మారిన పేరు: దళిత కుటుంబ కథ రాయడం గురించి

కుటుంబ కథ అనగానే మనకి అలవాటు చేసింది నాలుగ్గోడల ఇల్లు. అందులో అత్తాకోడళ్ళ పోరు, అన్నదమ్ముల ఆస్తి తగాదా. పంచుకోడానికి సెంటు భూమి లేని వాడలో అన్నదమ్ములు దేనికి విడిపోతారు? కథ రాయబోయే విద్యార్థులు ముందు ఈ ప్రశ్న వేసుకోవాలంటున్నాం.

నెల్లూరు తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలవనే తీసుకుందాం. 1876-78 ధాత కరువులో దీని తవ్వకం కూలిజనానికి కరువు పని అయింది. అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలు ప్రాంతంలో మూడున్నర మైళ్ళ పనిని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వచ్చిన మాదిగలకి పని పెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర పుస్తకం ఈ అంకె దగ్గర ఆగిపోతుంది. జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం' (2000) అలాంటి కాలవ పని దగ్గర్నుంచి ఇంట్లోకి పోతుంది. కరువుకి ఊరొదిలి, భార్య శశిరేఖతో కాలవ దగ్గరికి వచ్చిన శివయ్య సైమనవుతాడు. కొడుకు రూబేను. పాటలు కట్టిన ఎల్లన్న ఆ రూబేనుకి తాత. ఇదంతా జ్ఞాపకం చేసుకునేది రూబేను భార్య రూతు. తను చూడని పెద్దల్ని మొగుడి మాటల్లోంచి కోడలు తిరిగి నిలబెడుతోంది. మన పాఠకులకి తెలిసిన అత్తాకోడళ్ళ కథ పక్కన దీన్ని పెట్టి చూడండి.

పేరు మారితే బంధం ఏమవుతుంది? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడు షెడ్యూల్డు కులాల లెక్కలోకి రాడు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ అడ్డు తొలగింది. క్రైస్తవుడు మాత్రం ఆంధ్రలో బీసీ-సి. అందుకే చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. సర్టిఫికెట్టు పోతుందన్న భయంతో కూతురు ఆదివారం ఆరాధనకి పోవడం మానేసిందనుకుందాం. తల్లి మాట్లాడదు. ఆమెకి దేవుడు, ఈమెకి సీటు. ఎవరిది తప్పంటాం? తహశీల్దారాఫీసు ఆ ఇంటి గడప దాటి వచ్చేసింది. దాన్ని ఉపన్యాసంగా రాస్తే వ్యాసమవుతుంది (మా బోటివాళ్ళకి ఆ జబ్బు ఎక్కువే). తల్లి వడ్డించకుండా అన్నం గిన్నె ముందుకు నెట్టిందని రాస్తే చాలు. అలిగిన తల్లి కూతుర్ని ఏ పేరుతో పిలిచిందో కూడా చూసుకోవాలి.

అయితే బయటి కారణం దొరికింది గదాని ఇంటి మగాణ్ణి వదిలెయ్యకూడదు. 1992లో ఇదే జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద లేచారంటే ఇళ్ళల్లో పడ్డ బాధే మొదటి కారణం. వాళ్ళు రాజేసిన ఉద్యమమే రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. అట్టాంటి ఇంటి కథ రాసేప్పుడు కొట్టిన చెయ్యి మొగుడిదేనని తేల్చి రాయాలి. ఆ రోజు కూలి డబ్బులు ఏమయ్యాయో, సారా కొట్టు ఎవరు పాడుకున్నారో కూడా ఆ పేజీలోనే రావాలి.